రన్నర్ గీత దాటింది ఎప్పుడు?

హైదరాబాద్ మారథాన్ రోజు నెక్లెస్ రోడ్డు మీద వెనక వరసల్లో నిలబడ్డవాళ్లకు స్టార్ట్ లైన్ కనిపించదు. ముందెక్కడో రేసు మొదలవుతుంది, గుంపు మెల్లగా కదులుతుంది, గీత దాకా చేరేసరికే కొంత సమయం గడిచిపోతుంది. ఆ సమయాన్ని ఎవరి ఖాతాలో వేయాలి? పది కిలోమీటర్లు గంటలోపు పరిగెత్తాలని నెలల తరబడి తెల్లవారుజామునే లేచి సాధన చేసిన మనిషికి ఇది చిన్న విషయం కాదు.

అందుకే పెద్ద రేసుల్లో రెండు సమయాలు ఇస్తారు. రేసు మొదలైన క్షణం నుంచి లెక్కించేది గన్ టైమ్. రన్నర్ స్టార్ట్ లైన్ దాటిన క్షణం నుంచి ఫినిష్ లైన్ దాకా లెక్కించేది నెట్ టైమ్. రన్నర్ వెంట ఉండే చిన్న ఎలక్ట్రానిక్ చిప్‌తో కొలుస్తారు కాబట్టి వాడుకలో చిప్ టైమ్. ప్రపంచ అథ్లెటిక్స్ నియమాల్లో అధికారిక సమయం గన్ టైమే. అందరికంటే ముందు గీత దాటినవాళ్లే విజేత కావాలి కాబట్టి అది సబబే. కానీ 2008లో శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన మహిళల మారథాన్‌లో ఈ నియమం ఇబ్బంది పెట్టింది. ఎలైట్ రన్నర్ల తర్వాత బయలుదేరిన ఒక టీచర్ నెట్ టైమ్, విజేతగా ప్రకటించిన మహిళ సమయం కంటే దాదాపు 11 నిమిషాలు తక్కువ. చివరికి నిర్వాహకులు ఆమెను కూడా విజేతగా గుర్తించాల్సి వచ్చింది.

చిప్‌లు రాకముందు ఫినిష్ దగ్గర తాళ్లు కట్టి రన్నర్లను వరసగా నడిపించేవారు. బిబ్ (ఛాతీ మీద పెట్టుకునే నంబరు కాగితం) అడుగు ముక్క చింపి తీగకు గుచ్చేవారు. సమయాల జాబితా ఒకచోట, బిబ్‌ల వరస ఇంకోచోట ఉండేవి, తర్వాత రెండూ జతచేసేవారు. వరసలో ఒక్కరు తప్పుకుంటే వెనకున్న వాళ్లందరి సమయాలూ తారుమారే. 1990లలో నెదర్లాండ్స్ నుంచి ఛాంపియన్‌చిప్ వచ్చింది. షూ లేసుకు కట్టుకునే ప్లాస్టిక్ బిళ్ల అది. 1996లో నూరవ బోస్టన్ మారథాన్‌కు సుమారు 38 వేల మంది పేర్లిచ్చినప్పుడు లెక్క తేల్చింది ఈ బిళ్లే.

ఇప్పుడు ఎక్కువ రేసుల్లో బిబ్ వెనక అంటించిన పల్చటి పట్టీయే చిప్. దాంట్లో బ్యాటరీ లేదు, గడియారం లేదు. ఉన్నదల్లా ఒక నంబరు, చిన్న యాంటెన్నా. గీత దగ్గర నేల మీద పరిచిన మ్యాట్ కింద నుంచో, పక్కన స్టాండు నుంచో వచ్చే రేడియో తరంగాల నుంచే అది కాస్త శక్తి తీసుకుని తన నంబరు తిరిగి చెబుతుంది. సమయం రాసుకునేది రీడర్, అంటే ఆ తరంగాలు పంపి జవాబు వినే యంత్రం. కారు అద్దానికి అంటించే ఫాస్టాగ్ కూడా ఈ కుటుంబంలోదే. మన దేశంలో ఈ పనికి కేటాయించిన తరంగాలు 865–868 మెగాహెర్ట్జ్‌వి.

నాకు అన్నిటికంటే అద్భుతంగా అనిపించేది గుంపును సంభాళించే తీరు. యాభై మంది ఒకేసారి మ్యాట్ మీదికి వస్తే యాభై చిప్‌లూ కలిసి అరిచినట్టవుతుంది, ఏ నంబరూ అర్థం కాదు. అందుకని రీడర్ ముందుగా కొన్ని వంతులు ప్రకటిస్తుంది. ప్రతి చిప్ లాటరీ తీసినట్టు ఒక వంతు ఎంచుకుని అప్పటిదాకా ఆగుతుంది. రెండింటికి ఒకే వంతు పడితే అవి మళ్లీ లాటరీ తీస్తాయి. గుంపు పెరిగితే రీడర్ వంతుల సంఖ్య పెంచుతుంది, పలచబడితే తగ్గిస్తుంది. ఇలా సెకనుకు వందల చిప్‌లను చదవగలదు.

అయితే చదవడం వేరు, గీత దాటిన క్షణాన్ని పట్టుకోవడం వేరు. కిలోమీటరుకు 6 నిమిషాల చొప్పున పరిగెత్తే మనిషి సెకనుకు సుమారు 2.8 మీటర్లు కదులుతాడు. యాంటెన్నా 2 మీటర్ల ముందే చిప్‌ను పసిగట్టిందనుకుందాం. మొదటి జవాబునే రాసుకుంటే అతను దాదాపు ముప్పావు సెకను ముందే వచ్చేసినట్టు అవుతుంది. కాబట్టి మంచి సాఫ్ట్‌వేర్ ఆ కాసేపట్లో వచ్చిన జవాబులన్నీ చూసి, సిగ్నల్ అత్యంత బలంగా ఉన్న క్షణాన్ని తీసుకుంటుంది. స్టార్ట్ దగ్గర ఇంకో చిక్కు ఉంది. జనం మ్యాట్ పక్కనే తచ్చాడుతుంటారు, చిప్ ఎన్నోసార్లు పలుకుతుంది. అక్కడ చివరిసారి పలికిందే లెక్క. ఐదో కిలోమీటరు, పదో కిలోమీటరు మ్యాట్ల గడియారాలు కూడా స్టార్ట్ గడియారంతో కలవాలి, లేకపోతే స్ప్లిట్లన్నీ, అంటే దారి మధ్యలో నమోదయ్యే సమయాలన్నీ తప్పే.

ఇంత చేసినా ఒక హద్దు ఉంది. నియమం ప్రకారం గీత దాటాల్సింది మొండెం. తల, చెయ్యి, కాలు లెక్కలోకి రావు. షూకి కట్టిన చిప్ మొండెం కంటే అర మీటరు ముందో వెనకో ఉండొచ్చు. అందుకే ఇద్దరు పక్కపక్కనే దూసుకొచ్చినప్పుడు ఎవరు ముందో కెమెరా తేలుస్తుంది. 100 మీటర్ల పరుగులో ఫొటో ఫినిషే ప్రమాణం.

సెకనులో పదో వంతు గురించి ఆరాటపడేవాళ్లు దూరం సంగతి కూడా తెలుసుకోవాలి. రూటు పొరపాటున కూడా తక్కువ కాకూడదని, సైకిలుతో కొలిచేటప్పుడు వెయ్యికి ఒక మీటరు చొప్పున అదనంగా కలుపుతారు. మారథాన్‌కు అది 42 మీటర్లు. పైన చెప్పిన వేగంలో 15 సెకన్లు!

ఇక మోసాలు. 1980లో బోస్టన్‌లో మొదట మహిళల విజేతగా ప్రకటించిన రోజీ రూయిజ్ చివర్లో మాత్రమే రోడ్డు మీదికొచ్చి పరిగెత్తిందని తేలి, ఆమె విజయాన్ని రద్దు చేశారు. దారి పొడవునా మ్యాట్లుంటే అలాంటిది ఇట్టే దొరికిపోతుంది. కానీ చిప్‌కు తెలిసింది నంబరే, మనిషి కాదు. 1999లో దక్షిణాఫ్రికాలోని కామ్రేడ్స్ మారథాన్‌లో అచ్చం ఒకేలా ఉండే అన్నదమ్ములు దారిలో చోట్లు మార్చుకుంటూ పరిగెత్తి తొమ్మిదో స్థానం కొట్టారు. వాళ్లను పట్టించింది ఫొటోలు: వాచీ ఒక ఫొటోలో ఒక చేతికి, ఇంకో ఫొటోలో రెండో చేతికి ఉంది.

అలాగని ఒక స్ప్లిట్ కనిపించలేదని ఎవరినీ మోసగాళ్లనకూడదు. ఈ తరంగాలను నీరు పీల్చేస్తుంది, మన ఒంట్లో సగానికి పైగా నీరే. లోహం వాటిని తిప్పికొడుతుంది. బిబ్ చెమటకు ఒంటికి అతుక్కున్నా, మడత పడినా, పైన ఫోన్ బెల్టు వచ్చినా చిప్ మూగబోవచ్చు. బిబ్‌ను ఛాతీ మీద నాలుగు మూలలా పిన్నులతో పెట్టుకోమనేది అందుకే. అయినా సమయం రాకపోతే బిబ్ నంబరు, ఫినిష్‌కు వచ్చిన సుమారు సమయం టైమింగ్ టీమ్‌కు చెప్పండి. మ్యాట్ల వెంట కెమెరా, రెండో వరస రీడర్లు ఉంటే వాటిలో వెతికి మీ సమయం సరిచేయగలరు.