కృత్యం ఎవరిది? తరగతి గది సృజనపై నేటి తగాదాకు నేపథ్యం

ప్రాథమిక పాఠశాలల్లో టీఎల్‌ఎం (బోధనోపకరణాల) మేళాలు, ముందుగా రాసి చూపించాల్సిన పాఠ్య ప్రణాళికలు, తరగతిలో జరిగినదానికల్లా యాప్‌లో రుజువు ఎక్కించాలన్న ఆదేశాలు మళ్లీ చర్చకు వచ్చాయి. పిల్లలు ఇష్టంగా పాల్గొనేలా కొత్త పద్ధతుల్లో బోధించాలని రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలూ కోరుతుండగా, ఆ పద్ధతులకు కావలసిన సమయాన్ని రుజువుల సేకరణే మింగేస్తోందని ఉపాధ్యాయ సంఘాలు అంటున్నాయి. బట్టీ చదువుల మీద విమర్శ, నయీ తాలీం, కొఠారీ కమిషన్ వంటివి డీఎస్సీకి చదివిన ప్రతి ఒక్కరికీ తెలిసినవే కనుక వాటిని పక్కన పెడదాం. నేటి తగాదాకు అసలు మూలం 1980ల చివరి నుంచి 1990ల మధ్య వరకు అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలోనే పక్కపక్కన నడిచిన రెండు ప్రయత్నాల్లో ఉంది.

మొదటిది ప్రభుత్వానిది. బ్రిటన్ ప్రభుత్వ ఆర్థిక సహాయంతో 1980ల మధ్యలో కొన్ని జిల్లాల్లో ప్రయోగాత్మకంగా మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు 1989 నుంచి అప్పటి 23 జిల్లాలకూ విస్తరించింది. తరగతి గదుల నిర్మాణంతో పాటు ఆ ప్రాజెక్టు ఉపాధ్యాయులకు ఆరు బోధనా సూత్రాలను ఇచ్చింది. ఉపాధ్యాయులు రూపొందించిన అభ్యసన కృత్యాలను (పిల్లలు చేస్తూ నేర్చుకునే పనులను) అందించడం, పిల్లలు స్వయంగా చేసి, కనుగొని, ప్రయోగించి నేర్చుకునేలా చూడటం, వ్యక్తిగత, జట్టు, పూర్తి తరగతి పనులను పెంపొందించడం, పిల్లల మధ్య ఉండే వ్యక్తిగత భేదాలకు తగిన అవకాశాలు కల్పించడం, స్థానిక పరిసరాలను వినియోగించుకోవడం, పిల్లలు చేసిన పనులను ప్రదర్శిస్తూ తరగతి గదిని ఆకర్షణీయంగా తీర్చిదిద్దడం అన్నవే ఆ ఆరు. ముప్పై ఏళ్లు గడిచినా వీటికి చేర్చదగినది పెద్దగా లేదు. మొదటి సూత్రంలోనే కృత్యాలను రూపొందించే పని ఉపాధ్యాయుడిదని స్పష్టంగా ఉంది.

అయితే ఈ సూత్రాలు జిల్లా విద్యా శిక్షణా సంస్థల నుంచి మండల స్థాయి ఉపాధ్యాయ కేంద్రాలకు, అక్కడి నుంచి పాఠశాలలకు ఒక్కో మెట్టు దిగుతూ చేరాయి. దిగిన ప్రతి మెట్టు దగ్గరా, పైవారు అడిగినప్పుడు చూపించగలిగిందే మిగిలింది. కాసేపు ఉండి వెళ్లే అధికారి కంటికి ఆరింటిలో సులువుగా కనిపించేవి రెండే: పిల్లలు జట్లుగా కూర్చున్నారా, గదిలో పిల్లల బొమ్మలు వేలాడుతున్నాయా. ఒక పిల్లవాడికి తీసివేతలో అప్పు తెచ్చుకోవడం ఎందుకు అర్థం కాలేదో కనిపెట్టి, అతని కోసం చింతగింజలతో వేరే పని ఇచ్చిన టీచరమ్మ శ్రమ ఏ తనిఖీ పట్టికలోనూ పట్టదు. ఫలితంగా పిల్లలు గుండ్రంగా కూర్చుని, నల్లబల్ల మీది పాఠాన్నే పుస్తకాల్లోకి ఎక్కించుకునే తరగతులు ఏర్పడ్డాయి. వ్యక్తిగత భేదాల సూత్రం శిక్షణ మాడ్యూళ్లలోనూ పోటీ పరీక్షల ప్రశ్నల్లోనూ భద్రంగా ఉండిపోయింది. తరగతి గదిలోని సృజనను బడి బయటివారికి చూపించాల్సిన వస్తువుగా మార్చిన మలుపు ఇదేనని, ఆ తర్వాత వచ్చిన పథకాలన్నీ ఈ అలవాటునే వారసత్వంగా పొందాయని ఈ కథనం అభిప్రాయం.

రెండో ప్రయత్నం అదే కాలంలో అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లె దగ్గర జరిగింది. జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన రిషీవ్యాలీ పాఠశాలకు అనుబంధంగా ఉన్న గ్రామీణ విద్యా కేంద్రంలో వై.ఏ. పద్మనాభరావు, రమ చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బడులు నడిపే పని చేపట్టారు. ఒకే గది, ఒకే ఉపాధ్యాయుడు, ఐదు తరగతుల పిల్లలు కలిసి కూర్చునే పరిస్థితి. ఒక తరగతికి పాఠం చెబుతుంటే మిగిలిన నాలుగు తరగతుల పిల్లలు ఏం చేయాలి? దీనికి వారు కనుగొన్న మార్గం పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న మైలురాళ్లుగా విడగొట్టడం, ఒక్కో మైలురాయికి పరిచయం, అభ్యాసం, మూల్యాంకనం, వెనుకబడినవారికి మరో ప్రయత్నం, ముందున్నవారికి అదనపు పని అంటూ కార్డులు తయారు చేయడం, వాటన్నింటినీ వరుసగా చూపించే ఒక నిచ్చెన పటాన్ని గోడకు తగిలించడం. పిల్లవాడు పటంలో తానెక్కడ ఉన్నాడో చూసుకుని, దానికి సరిపోయే గుర్తున్న కార్డు తెచ్చుకుని, ఆ పనికి ఉపాధ్యాయుడి సాయం ఎంత అవసరమో దాన్ని బట్టి ఏర్పడిన జట్టులో కూర్చుంటాడు. కొన్ని పనులు ఉపాధ్యాయుడితో, కొన్ని తోటి పిల్లలతో, కొన్ని ఒంటరిగా సాగుతాయి. పొలం పనులకో మేకలు కాయడానికో వెళ్లి కొన్నాళ్లు బడికి రాని పిల్లవాడు తిరిగి వచ్చినప్పుడు, పాఠం తనను వదిలి ముందుకు వెళ్లిపోయి ఉండదు. తాను ఆపిన కార్డు దగ్గరే మళ్లీ మొదలుపెట్టవచ్చు.

ఈ పద్ధతి గురించి మాట్లాడేవారు సాధారణంగా రంగురంగుల కార్డులనే ప్రస్తావిస్తారు. వాటి వెనుక ఉన్న పనివిధానం అంతకంటే ముఖ్యమైనది. ఆ బడుల ఉపాధ్యాయులే ఒకచోట కూర్చుని, ఊళ్లో వాడే మాటలతో, కథలతో, పాటలతో కార్డులు రాశారు. తరగతిలో వాడి చూసి, పనికిరానివి మార్చారు. కొలతలు, తూకాలు, డబ్బు లెక్కలను సంతలాంటి వాతావరణంలో నేర్పే మెట్రిక్ మేళా కూడా ఈ బడుల నుంచే వచ్చింది. ఏ కార్డు ఎందుకు అక్కడ ఉందో వాడే మనిషికి తెలిసి ఉండటం వల్ల, అవసరమైనప్పుడు దాన్ని పక్కన పెట్టే ధైర్యమూ ఆ మనిషికి ఉండేది.

పొరుగు రాష్ట్రాలు ఈ సంగతిని మన కంటే ముందు పట్టుకున్నాయి. కర్ణాటకలోని మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె ఉపాధ్యాయులు రిషీవ్యాలీ వచ్చి చూసి వెళ్లి, యునిసెఫ్ తోడ్పాటుతో 1995లో నలి కలి పేరిట తమ సొంత కార్డులు తామే తయారు చేసుకున్నారు. చెన్నై నగరపాలక సంస్థ కమిషనర్‌గా ఎం.పి. విజయకుమార్ ఉన్నప్పుడు 2003లో 13 పాఠశాలల్లో ఇదే దారిలో కృత్యాధార అభ్యసనం మొదలైంది. కొన్నేళ్లకే దాన్ని తమిళనాడు అంతటికీ విస్తరించినప్పుడు మాత్రం పాత కథ తిరిగి వచ్చింది. కార్డులు అచ్చయి పెట్టెల్లో చేరాయి, వాటిని ఎవరు ఎందుకు రాశారో తెలియని ఉపాధ్యాయులకు అవి పైనుంచి దిగిన మరో ఆదేశంగా కనిపించాయి. మన రాష్ట్రంలోనూ గిరిజన ప్రాంతాల ఏకోపాధ్యాయ పాఠశాలల్లో ఎంజీఎంఎల్ (బహుళ తరగతి, బహుళ స్థాయి బోధన) పేరుతో ఈ పద్ధతి వచ్చింది గానీ, పుట్టిన గడ్డ మీద అది ప్రధాన బోధనా విధానం కాలేకపోయింది.

నేటి వివాదంలో తక్కువగా వినిపిస్తున్న డబ్బు సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. కేంద్ర పథకాలైన డీపీఈపీ (జిల్లా ప్రాథమిక విద్యా పథకం), ఆ తర్వాత సర్వశిక్షా అభియాన్ కాలంలో బోధనోపకరణాల కోసం ఒక్కో ఉపాధ్యాయుడికి ఏడాదికి 500 రూపాయలు ఇచ్చేవారు. అట్టలు, రంగులు, స్కెచ్‌పెన్నులు కొంటే చాలీచాలని మొత్తమే అయినా అది ఉపాధ్యాయుడి పేరున వచ్చేది, ఏం కొనాలో ఉపాధ్యాయుడే నిర్ణయించుకునేవాడు. 2018లో పథకం సమగ్ర శిక్షాగా మారాక, పిల్లల సంఖ్యను బట్టి పాఠశాల మొత్తానికి ఇచ్చే ఉమ్మడి నిధి మిగిలింది. సున్నం, చీపుర్లు, చాక్‌పీసులు, మరమ్మతులు అన్నీ అందులోంచే వెళ్లాలి. మేళాలో బల్ల మీద పెట్టిన నమూనాకు ఖర్చు ఎవరు భరించారని న్యాయనిర్ణేతలు అడగరు.

చట్టం ఉపాధ్యాయుడి వైపే ఉంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ కృత్యాలు, అన్వేషణ ద్వారా అభ్యసనం సాగాలని చెబుతుంది. అదే చట్టం 27వ సెక్షన్ జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప ఇతర బోధనేతర పనులకు ఉపాధ్యాయులను నియోగించరాదంటుంది. యాప్‌లో వివరాలు నింపడం బోధనలో భాగమా, బోధనేతర పనా అన్నది సంఘాలకూ శాఖకూ మధ్య తేలని ప్రశ్న. ఆంధ్రప్రదేశ్‌లో మధ్యాహ్న భోజనం, మరుగుదొడ్ల ఫోటోలతో మొదలైన ఈ పని 2022లో ముఖ ఆధారిత హాజరు దాకా వచ్చినప్పుడు, సొంత ఫోన్లలో సొంత డేటాతో ఇదంతా ఎందుకు చేయాలని ఉపాధ్యాయులు బాహాటంగా అభ్యంతరం చెప్పారు. అదే ఏడాది జీవో 117 ద్వారా 3, 4, 5 తరగతులను ఉన్నత పాఠశాలలకు తరలించే ప్రక్రియ నడిచింది. బహుళ తరగతి గదిని సమస్యగా కాక అవకాశంగా చూసిన రిషీవ్యాలీ అనుభవం ఆ చర్చలో పెద్దగా వినిపించలేదు. ఏడాది చివర ఎనిమిదో తరగతి పిల్లలకు, ఉపాధ్యాయులకు కలిపి సుమారు 5 లక్షల ట్యాబ్‌లు పంచారు, అందులోని పాఠాలు బయట తయారైనవి.

విద్యాశాఖ వాదనలోనూ వాస్తవం లేకపోలేదు. మూడో తరగతి పిల్లల్లో ఎక్కువమంది రెండో తరగతి స్థాయి పాఠం చదవలేకపోతున్నారని పిల్లల చదువు స్థాయిని ఇంటింటికీ వెళ్లి పరీక్షించే అసర్ సర్వేలు ఏళ్ల తరబడి చెబుతున్నాయి. 2021లో కేంద్రం ప్రారంభించిన నిపుణ్ భారత్, 2026-27 నాటికి మూడో తరగతి ముగిసేలోగా ప్రతి పిల్లవాడూ చదవడం, లెక్కలు చేయడం నేర్చుకోవాలని లక్ష్యం పెట్టింది. తెలంగాణ ఇదే దారిలో 2022లో తొలిమెట్టు కార్యక్రమాన్ని ప్రారంభించింది. గడువు ఉన్న లక్ష్యానికి పర్యవేక్షణ తప్పదని అధికారులు అంటున్నారు.

ఏమి పర్యవేక్షించాలన్న దగ్గరే రెండు వైపులా ఇప్పటికీ కలవడం లేదు. నెలాఖరున ఐదుగురు పిల్లలతో చదివించి చూసినా తరగతి స్థితి తెలుస్తుందని, దానికి ఫోటో అక్కర్లేదని సంఘాల వాదన. చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే పాఠశాల సముదాయ సమావేశాల్లో పైనుంచి వచ్చిన అంశాలు వినడంతోనే పూట గడిచిపోతోందని, ఆ సమయాన్ని తమ తరగతులకు కావలసిన కృత్యాలు కలిసి తయారు చేసుకోవడానికి వదలాలని కూడా వారు అడుగుతున్నారు. నాటి ప్రాజెక్టు ఇచ్చిన ఆరు సూత్రాల్లో మొదటిది కోరింది కూడా అదే. మేళాలకు తేదీలు ప్రకటించే ఉత్తర్వుల్లో మాత్రం ఈ డిమాండ్‌కు ఇంతవరకు చోటు దొరకలేదు.