బోరు పాయింటు చూసే యంత్రం: అపోహలు - వాస్తవాలు

భూగర్భజల సర్వేకు విజయనగరం జిల్లాలో ఏ ఊరు వెళ్లినా, రాడ్లు నేలలో దిగీ దిగకముందే ఎవరో ఒకరు అడుగుతారు: "మిషన్లో నీరు అగుపడిందేటి బాబూ?"

అపోహ: యంత్రం నీటిని చూపిస్తుంది.

వాస్తవం: మా రెసిస్టివిటీ మీటరు నీటిని చూడదు. బయటి రెండు రాడ్ల ద్వారా నేలలోకి విద్యుత్తు పంపి, లోపలి రెండు రాడ్ల మధ్య వోల్టేజిని కొలిచి, నేల ఆ విద్యుత్తును ఎంత అడ్డుకుంటుందో చెబుతుంది. పగుళ్లు లేని గట్టి బండ సాధారణంగా వెయ్యి ఓమ్-మీటర్లు (ఆ అడ్డును కొలిచే ప్రమాణం) దాటి అడ్డుకుంటుంది; తడిసిన శిథిల శిల అందులో చిన్న వంతు మాత్రమే అడ్డుకుంటుంది. చిక్కంతా బంకమట్టితోనే. ఈ జిల్లాలో విస్తారంగా ఉన్న ఖొండలైట్ శిల శిథిలమైనప్పుడు అందులోని ఫెల్డ్‌స్పార్ మెత్తని తెల్లమట్టిగా మారుతుంది. ఆ మట్టి నీటిని పట్టుకుంటుందే తప్ప బోరులోకి వదలదు, అయినా మీటరులో అంకె మాత్రం నీరున్న పొరలాగే తక్కువగా వస్తుంది. గజపతినగరం వైపు ఒక పొలంలో నేను ఆ అంకెను నమ్మి పాయింటు పెట్టాను. బోరులో దింపిన కేసింగ్ పైపు నిండా బురదే వచ్చింది. అప్పటినుంచి చుట్టుపక్కల పాత బావుల్లో ఏ మట్టి పడిందో అడగకుండా నేను రాడ్లు దింపడం లేదు.

అపోహ: ఇంటి స్థలంలోనైనా ఎంత లోతుకైనా చూడవచ్చు.

వాస్తవం: 60 మీటర్ల లోతు సంగతి తెలియాలంటే బయటి రాడ్ల మధ్య దాదాపు 200 మీటర్ల దూరం కావాలి. అయిదు సెంట్ల స్థలంలో అది కుదరదు. పక్కన ఇనుప కంచె, పైపులైను ఉంటే అంకెలు మరింత తప్పుతాయి.

అపోహ: అరచేతిలో కొబ్బరికాయ లేచి నిలబడితే కింద జల ఉన్నట్టే.

వాస్తవం: మనకు తెలియకుండానే కండరాలు చేసే సూక్ష్మమైన కదలికలే కాయను లేపుతాయి, వీటిని ఇంగ్లండుకు చెందిన శరీరధర్మ శాస్త్రవేత్త విలియం కార్పెంటర్ 1852లోనే వివరించాడు. పల్లపు నేలల్లో ఎక్కడ తవ్వినా కొంత నీరు పడుతుంది గనుక ఆ కాయకు పేరు వస్తోంది.

అపోహ: మీటరు మంచినీరో కాదో చెబుతుంది.

వాస్తవం: కళింగపట్నం, భావనపాడు వంటి తీరప్రాంతాల్లో అంకె మరీ తక్కువగా వస్తే ఉప్పునీరని అనుమానించవచ్చు. ఫ్లోరైడు మాత్రం మీటరుకు అందదు. అది తాగునీటికి గరిష్ఠ పరిమితి అయిన లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిందో లేదో తెలియాలంటే బోరు వేశాక ఆ నీటిని ప్రయోగశాలలో పరీక్ష చేయించాలి.