గట్టిగా ఊపిరి పీల్చమనకండి: ఆందోళన, ఊపిరి, ఊహ... అపోహలు - వాస్తవాలు

ఎవరికైనా గుండెదడ, గాబరా మొదలైతే శ్రీకాకుళం జిల్లాలో ఏ ఊళ్లోనైనా చుట్టూ ఉన్నవాళ్లు అనే మాట ఒకటే: "గట్టిగా ఊపిరి పీల్చు." కౌన్సెలింగ్‌లో నా సమయం ఎక్కువగా ఈ ఒక్క మాట వదిలించడానికే పోతోంది. ప్రేమతోనే చెప్తారు, కాదనను. కానీ ఆ సలహాతో గాబరా తగ్గదు, పెరుగుతుంది.

అపోహ: ఊపిరాడనట్టు ఉందంటే ఒంట్లో ఆక్సిజన్ తగ్గినట్టే, కాబట్టి ఎక్కువ గాలి లాగాలి.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మన ఉద్దానం నుంచి వచ్చిన ఒకావిడ సంగతి చెప్తాను. జీడిపప్పు బట్టీలో పని, వేళ్లకి జీడి నల్లమచ్చలు. భర్త కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ రిపోర్టు కోసం ల్యాబ్ బయట బెంచీ మీద కూర్చుని, ఉన్నట్టుండి రొప్పడం మొదలెట్టింది. ఆడపడుచు వీపు నిమురుతూ "గట్టిగా పీల్చొదినా, ఇంకా గట్టిగా" అంటోంది. ఆవిడ అలాగే పీల్చింది. మూతి చుట్టూ తిమ్మిరెక్కింది. బొటనవేళ్లు అరచేతుల్లోకి ముడుచుకుపోయి, మిగతా వేళ్లు బిగుసుకుపోయాయి. ఎవరో ఫిట్స్ అనుకుని తాళాలగుత్తి చేతిలో కుక్కారు. ఇంకొకరు పక్షవాతం అన్నారు. "నానుండను మేడమ్, ఊపిరాడ్డం నేదు" అని ఏడుస్తోంది. నర్సు వచ్చి బీపీ, షుగర్ చూసి, వేలికి ఆక్సీమీటర్ పెడితే 99 చూపించింది.

వాస్తవం ఇదీ. ఆ సమయంలో ఆక్సిజన్‌కి లోటేమీ లేదు. వేగంగా, లోతుగా రొప్పుతుంటే రక్తంలో ఉండాల్సిన కార్బన్ డయాక్సైడ్ మరీ ఎక్కువగా బయటికి పోతుంది. అది తగ్గితే మెదడుకి వెళ్లే రక్తనాళాలు కొంచెం ముడుచుకుంటాయి, అందుకే తల తిరగడం, కళ్లు మసకబారడం. రక్తంలో క్షారగుణం పెరిగి కాల్షియం పనిచేసే తీరు మారుతుంది, అందుకే తిమ్మిర్లు, వేళ్లు కొంకర్లు పోవడం. పైగా గాలి చాలనట్టే అనిపిస్తుంది. దాంతో మనిషి ఇంకా లాగుతాడు. మనం పక్కన నిలబడి "ఇంకా గట్టిగా" అంటే ఆ చక్రాన్ని మన చేత్తోనే తిప్పుతున్నట్టు.

ఆవిడకి నేను చెప్పింది ఒక్కటే. "పీల్చడం సంగతి వదిలెయ్యమ్మా, మెల్లగా బయటికి ఊదు చాలు." మొదట కుదరలేదు. ఎదురుగా కూర్చుని నేనూ ఊదాను, నాతోపాటు ఊదింది. కాసేపటికి వేళ్లు వాటంతటవే విడిపోయాయి. అప్పుడు ఆడపడుచు ఏడ్చింది, పాపం. తన మాటవల్లే ఇలా అయిందేమోనని. అమ్మా, మీ తప్పేం లేదు. అందరూ చెప్పేదే మీరూ చెప్పారు.

పద్ధతి రాసి పెట్టుకోండి. ముక్కుతో మామూలు ఊపిరే తీసుకోండి, మనసులో 4 లెక్కపెట్టేంతసేపు. ఛాతీ ఎగరకూడదు, పొట్ట మీద పెట్టిన చెయ్యి కాస్త లేవాలి. తర్వాత పెదవులు దగ్గరచేసి, వేడి టీ మీద ఊదినట్టు, 6 లెక్కపెట్టేంతసేపు వదలండి. సెకనుకి ఒకటి చొప్పున లెక్కపెడుతూ ఇలా చేస్తే నిమిషానికి ఆరు ఊపిరులు వస్తాయి. పెద్దవాళ్లకి మామూలుగా 12 నుంచి 20 ఉంటాయి. వదలడం ఎందుకు పొడవుగా ఉండాలో మీ మణికట్టు మీద నాడి పట్టుకుని చూడండి. చాలామందికి, ముఖ్యంగా వయసులో ఉన్నవాళ్లకి, పీల్చేటప్పుడు నాడి కాస్త వేగంగా, వదిలేటప్పుడు నిదానంగా కొట్టుకుంటుంది. వదిలేటప్పుడు మెదడు నుంచి గుండెకి వెళ్లే వేగస్ నరం గుండెని నెమ్మదింపజేస్తుంది. 4, 6 కష్టమైతే 3, 4 చాలు. రోజూ ప్రశాంతంగా ఉన్నప్పుడు ఓ ఐదు నిమిషాలు అలవాటు చేసుకోవాలి. దడ వచ్చాక మొదటిసారి ప్రయత్నించి "పనిచేయలేదు మేడమ్" అంటే ఎలా?

కాగితం సంచిలో ఊపిరి వదిలి పీల్చమని ఫోన్లలో తిరుగుతోంది. వద్దు. అది నిజంగా ఆస్తమానో గుండెపోటో అయితే ప్రాణం మీదికొస్తుంది. గాబరాలో ఉండగా కపాలభాతి, భస్త్రిక కూడా వద్దు, అవీ వేగంగా చేసేవే. గాలి సోకిందని తాయెత్తులకి తిప్పడం గురించి ఎన్నిసార్లు చెప్పాలో నాకు తెలియడం లేదు.

అపోహ: గైడెడ్ ఇమేజరీ (మనసు కుదుటపడటానికి హాయైన చోటుని ఊహించుకునే పద్ధతి) అంటే కళ్లు మూసుకుని సముద్రాన్ని ఊహించుకోవడం.

ఆడియోలన్నిటిలో అదే: అలల చప్పుడు, చల్లగాలి. మన తీరంలో అది అందరికీ పనికొచ్చేదేనా? భర్త గుజరాత్‌లోని వేరావల్‌లో చేపల బోటు మీద ఉన్న మత్స్యకార మహిళకి అలల చప్పుడు హాయినిస్తుందా? 2018 అక్టోబరులో తిత్లీ తుపాను రాత్రి పైకప్పు ఎగిరిపోయిన ఇంట్లో పిల్లల్ని పట్టుకుని కూర్చున్నవాళ్లకి గాలి హోరు వినిపిస్తే దడ పెరుగుతుంది. వాస్తవం ఏమిటంటే, ఊహించుకునే చోటు ఎవరిది వాళ్లే ఎంచుకోవాలి. భావనపాడు వైపు నుంచి వచ్చే ఒకావిడ ఎంచుకున్నది వేసవిలో తోడికోడలితో వసారాలో చింతపండు పిక్క తీసే పని. వేళ్లకి అంటుకునే జిగురు, పళ్లెంలో పిక్క పడే టక్కుమనే చప్పుడు, పులుపు వాసన. బొమ్మ కళ్లముందు కనబడకపోయినా ఫర్వాలేదు, కొందరికి అసలు కనబడదు. వాసన, స్పర్శ, చప్పుడు చాలు. కళ్లు మూస్తే భయం వేసేవాళ్లు తెరిచే చేయండి.

"ఊహించుకుంటే ఒంటికి ఏమవుతుంది?" అంటారు చదువుకున్నవాళ్లు కూడా. చింతపండు చదవగానే నోట్లో నీళ్లూరలేదూ? ఇంకా చేతికి రాని రిపోర్టుని తలుచుకుంటే గుండె దడదడలాడటం కూడా ఊహ చేసే పనే కదా.

ఇవన్నీ మందులకి బదులు కాదు. డాక్టర్ రాసినవి చెప్పకుండా మానేయకండి. మాట్లాడటానికి ఎవరూ లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు.

ఇంకొక మాట, ఉద్దానం వాళ్లు తప్పనిసరిగా వినండి. కిడ్నీ జబ్బు ఉన్న మనిషి రొప్పుతుంటే టెన్షన్ అనుకుని ఊపిరి నిదానం చేయించకండి. రక్తంలో ఆమ్లం పెరిగితే దాన్ని తగ్గించుకోవడానికి శరీరమే లోతుగా, వేగంగా ఊపిరి తీస్తుంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరినా ఆయాసం వస్తుంది. షుగర్ బాగా పెరిగి రొప్పుతున్నా అంతే. మొదటిసారి వచ్చిన ఛాతీనొప్పి, ఒక పక్క చెయ్యి కాలు పడిపోవడం, పిల్లికూతలు, ఇవేవీ లెక్కలు పెట్టుకుంటూ కూర్చోవాల్సినవి కావు. వెంటనే 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్లండి. డాక్టర్ చూసి ఇది ఆందోళనే అని చెప్పాక నా దగ్గరికి రండి.