1866లో తూర్పు లండన్‌ని ముంచిన కలరా

విక్టోరియా కాలం నాటి లండన్ కలరా అనగానే అందరూ 1854లో సోహో అనే పేటలో బ్రాడ్ స్ట్రీట్ చేతిపంపు నీళ్ల వల్లే రోగం పాకుతోందని తేల్చిన డాక్టర్ జాన్ స్నో గురించే చెబుతారు. నన్ను ఎక్కువ బాధపెట్టేది మాత్రం 1866లో నగరం తూర్పు పేటల్లో జరిగిన ఘోరం. ఎందుకంటే ఈ రోగం నీళ్ల వల్లే వస్తుందని స్నో చెప్పి అప్పటికే పదేళ్లు దాటింది, నగరానికి నీళ్లు అమ్మే ప్రైవేటు కంపెనీలు వాటిని వడపోసే ఇవ్వాలని 1852లోనే చట్టం కూడా వచ్చింది.

1858లో థేమ్స్ నది మురుగు కంపు పార్లమెంటు భవనం దాకా పాకాక, బజల్‌గెట్ అనే ఇంజనీర్ చేత పెద్ద మురుగు కాలవలు కట్టించారు. 1866 నాటికి నగరంలో చాలా భాగానికి అవి అందాయి. రేవు కూలీలు, కుట్టుపని వాళ్లు ఇరుకు గదుల్లో బతికే తూర్పు పేటలకే ఇంకా అందలేదు, అక్కడి మురుగు తోడాల్సిన ఆబీ మిల్స్ పంపింగ్ స్టేషన్ కడుతూనే ఉన్నారు.

జూన్ ఆఖర్లో ఆ తూర్పు పేటల్లోనే ఒకటైన బ్రామ్లీలో ఒక కూలీ, ఆయన భార్య ఒకే రోజు కలరాతో పోయారు. వాళ్ల పాయిఖానా మురుగు లీ నదిలో కలిసేది. అక్కడికి దగ్గర్లోనే ఓల్డ్ ఫోర్డ్‌లో ఈస్ట్ లండన్ వాటర్‌వర్క్స్ కంపెనీ రిజర్వాయర్లు ఉన్నాయి. కొన్ని వారాల్లోనే ఆ పేటల్లో 5,500 మందికి పైగా చనిపోయారు.

దొంగ దొరికింది మరణాల లెక్కల వల్లే. 1837 నుంచి ఇంగ్లండులో చావుల్ని రిజిస్టర్ చేస్తున్నారు, ఆ వారం వారం లెక్కలు చూసే విలియం ఫార్ ఒకప్పుడు కలరాకి చెడు గాలే కారణమని నమ్మినవాడు. ఈసారి ఏ పేటకి ఏ కంపెనీ నీళ్లు వెళ్తున్నాయో చావుల లెక్కలతో పోల్చి చూస్తే, చావులన్నీ దాదాపు ఒకే కంపెనీ, అంటే ఈస్ట్ లండన్ కంపెనీ, నీళ్లు తాగే చోటే ఉన్నాయి. ఆగస్టు 1న లైమ్‌హౌస్ అనే తూర్పు పేటలో, కాచకుండా నీళ్లు తాగొద్దని నోటీసులు అంటించారు.

వడపోయని నీళ్లు చుక్క కూడా ఇవ్వలేదని కంపెనీ ఇంజనీర్ పత్రికకి ఉత్తరం రాశాడు. ఇంతలో తమ ఇంటి గొట్టాల్లో మలుగు చేపలు దొరికాయని జనం బయటపెట్టారు. ఇసుక వడపోతలోంచి మలుగు చేప ఎలా దూరి వస్తుంది? విచారణలో తేలిందేంటంటే, ఓల్డ్ ఫోర్డ్‌లోని పైకప్పు లేని చెరువుల నీళ్లు సరఫరాలోకి వెళ్లాయి.

1868లో ఆబీ మిల్స్ పని మొదలైంది. లండన్‌లో మళ్లీ కలరా ప్రబలలేదు. నీళ్లు మాత్రం 1904 దాకా ప్రైవేటు కంపెనీల చేతుల్లోనే ఉన్నాయి.