రిసోర్స్ రూమ్ గురించి అపోహలు - వాస్తవాలు

"మా అబ్బాయిని స్పెషల్ ఎడ్యుకేషన్‌కు పరీక్షిస్తామంటున్నారు, ఒప్పుకోవాలా వద్దా?" అమెరికాలో ఉంటున్న తెలుగు తల్లిదండ్రులు ఈ ప్రశ్న అడిగినప్పుడు దాని వెనుక ఎంత ఆందోళన ఉంటుందో నాకు తెలుసు. నేను జూనియర్ హైస్కూలులో ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు రిసోర్స్ టీచర్‌గా పనిచేస్తున్నాను, అంటే చదువులో ప్రత్యేక సహాయం కావలసిన పిల్లలకు రిసోర్స్ రూమ్ అనే గదిలో బోధిస్తాను. మంచి సహాయం అందుబాటులో ఉండి కూడా, ఎవరో చెప్పిన మాట విని రెండేళ్ళు వాయిదా వేసిన కుటుంబాలను చూస్తే బాధ కలుగుతుంది. ఆ రెండేళ్ళలో పాఠాలు వెనకబడటం కంటే, పిల్లవాడు తనను తాను చేతకానివాడిగా నమ్మడం మొదలుపెట్టడమే పెద్ద నష్టం. అందుకే నాకు తరచుగా వినిపించే అపోహల గురించి రాస్తున్నాను.

అపోహ: రిసోర్స్ రూమ్ మందబుద్ధి పిల్లల కోసం.

వాస్తవం: ముందు ఆ మాటను వదిలేద్దాం. అమెరికా సమాఖ్య చట్టాల్లో ఉన్న అలాంటి పాత పదాన్ని 2010లో రోసా చట్టం తెచ్చి తొలగించారు, దాని స్థానంలో మేధో వైకల్యం అన్న అర్థమిచ్చే పదాన్ని పెట్టారు. మేధో వైకల్యం ఉన్న పిల్లలకూ ఈ సేవలు హక్కే, వాళ్ళతో కలిసి కూర్చోవడం ఎవరికీ చిన్నతనం కాదు. అయితే ప్రత్యేక విద్య పొందుతున్న వారిలో అతిపెద్ద వర్గం నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఉన్న పిల్లలది. దాదాపు ముగ్గురిలో ఒకరు ఈ వర్గానికి చెందినవారే. తెలివితేటలకు లోటుండదు, చదవడంలోనో రాయడంలోనో లెక్కల్లోనో ఒక నిర్దిష్టమైన చోట అడ్డంకి ఉంటుంది. అమెరికా అంతర్యుద్ధానికి కారణాలను నోటితో చక్కగా వివరించి, అదే జవాబును నాలుగు వాక్యాల్లో రాయమంటే చెమటలు పట్టే పిల్లలు నా గదిలో ఎప్పుడూ ఉంటారు.

వీళ్ళు ఎక్కడో పదిమంది కాదు. 2022-23 విద్యా సంవత్సరంలో ప్రభుత్వ బడుల్లో సుమారు 75 లక్షల మంది, అంటే విద్యార్థుల్లో 15 శాతం, ఈ సేవలు పొందారు. వారిలో దాదాపు మూడింట రెండు వంతుల మంది బడి సమయంలో 80 శాతమో అంతకంటే ఎక్కువో అందరితో పాటు సాధారణ తరగతిలోనే గడుపుతారు. నా దగ్గరికి వచ్చేవాళ్ళు కూడా అంతే. రోజుకు ఒక పీరియడ్ నాతో ఉంటారు, మిగిలిన పీరియడ్లు తోటివారితోనే. కొన్ని పీరియడ్లలో నేనే సైన్స్ తరగతికో ఇంగ్లీషు తరగతికో వెళ్ళి అక్కడి టీచర్‌తో కలిసి బోధిస్తాను.

అపోహ: మార్కులు బాగానే వస్తున్నాయి కాబట్టి అర్హత ఉండదు.

వాస్తవం: పిల్లవాడు ఫెయిల్ అయ్యేదాకా ఆగమని ఏ నియమమూ చెప్పదు. తరగతి తరువాత తరగతి పాసవుతున్నా, అర్హత ఉంటే సేవలు ఇవ్వాల్సిందేనని సమాఖ్య నిబంధనలు స్పష్టంగా చెబుతున్నాయి. తెలుగు ఇళ్ళలో ఇది మరీ ముఖ్యం. రాత్రి పదకొండు వరకు అమ్మ పక్కన కూర్చుని ప్రతి పేజీ చదివి వినిపిస్తే వచ్చిన 'A' గ్రేడు అది. బడికి ఆ గ్రేడు మాత్రమే కనిపిస్తుంది, దాని వెనుక ఉన్న మూడు గంటలు కనిపించవు. ఆ మూడు గంటల సంగతి మీరే బడికి రాతపూర్వకంగా చెప్పాలి.

అపోహ: ఇంట్లో తెలుగు మాట్లాడటం వల్లే ఇదంతా. తెలుగు మానేస్తే చదువు గాడిన పడుతుంది.

వాస్తవం: నన్ను అన్నిటికంటే ఎక్కువ కలచివేసే అపోహ ఇదే. రెండు భాషలు మాట్లాడటం వల్ల అభ్యసన వైకల్యం రాదు. ఒక భాషను తీసేస్తే అది పోదు కూడా. ఆటిజం ఉన్న పిల్లలైనా రెండు భాషల ఇళ్ళలో పెరిగినందువల్ల నష్టపోరని పరిశోధనలు చెబుతున్నాయి. మరి తెలుగు మానేస్తే ఏమవుతుంది? నాన్నమ్మతో మాట తెగిపోతుంది. భోజనాల దగ్గర నాన్న చెప్పే కబుర్లు తగ్గిపోతాయి. అగ్నిపర్వతం ఎందుకు బద్దలవుతుందో, అప్పు మీద వడ్డీ ఎలా పెరుగుతుందో తెలుగులో విని అర్థం చేసుకున్న పిల్లవాడికి ఆ జ్ఞానం ఇంగ్లీషు పాఠంలోనూ పనికొస్తుంది. దాన్ని చేజేతులా తుడిచేయకండి.

దీనికి రెండో వైపు కూడా ఉంది. "ఇంగ్లీషు రెండో భాష కదా, కొన్నాళ్ళు ఆగి చూద్దాం" అని కొన్నిసార్లు బడులే అంటాయి. ఇంగ్లీషు తక్కువ రావడాన్ని వైకల్యంగా లెక్కగట్టకూడదన్నది నిజమే, ప్రత్యేక విద్య చట్టంలోనే ఉంది. అదే చట్టం, వీలైన మేరకు పిల్లవాడి సొంత భాషలో పరీక్షించాలని, ఏదో ఒక్క పరీక్ష మీద ఆధారపడి తేల్చకూడదని కూడా అంటుంది. నేను తల్లిదండ్రులను ముందుగా తెలుగు గురించే అడుగుతాను. మాటలు ఆలస్యంగా వచ్చాయా? తెలుగులో కథ చెప్పమంటే వరుస తప్పకుండా చెప్పగలడా? తెలిసిన పదమే నాలుక మీదికి రాక తడబడతాడా? కుటుంబంలో ఇంకెవరికైనా చదవడం కష్టంగా ఉండేదా? డిస్లెక్సియా, అంటే చదవడంలో ఉండే అభ్యసన వైకల్యం, కుటుంబాల్లో కొనసాగుతుంది కాబట్టి ఆఖరి ప్రశ్న అడగక తప్పదు. ఇబ్బంది రెండు భాషల్లోనూ కనిపిస్తుంటే, ఇంగ్లీషు వచ్చేదాకా ఆగడంలో అర్థం లేదు. మీ పిల్లవాడి గురించి బడి పెట్టే సమావేశంలో మీకు తెలుగు దుభాషి కావాలంటే ఏర్పాటు చేయడం బడి బాధ్యత. అడగడానికి మొహమాటపడకండి.

అపోహ: ఏడో తరగతికి వచ్చేశాడు, ఇప్పుడు చదవడం నేర్పినా రాదు.

వాస్తవం: వస్తుంది. చిన్న తరగతుల్లో కంటే ఎక్కువ సమయం, ఎక్కువ సాధన పడతాయి, నేర్పే పద్ధతి మారుతుంది. ఈ వయసులో చాలామంది చిన్న పదాలు బాగానే చదువుతారు, నాలుగైదు అక్షరాంశాలున్న పదం దగ్గర ఊహించి దాటేస్తారు. సైన్స్, సోషల్ పుస్తకాల నిండా అలాంటి పదాలే. అందుకే పదాన్ని ముక్కలుగా విడగొట్టడం, మూలాన్ని, ముందు చేరే భాగాన్ని, చివర చేరే భాగాన్ని గుర్తుపట్టడం నేర్పుతాను. తెలుగు వ్యాకరణంలో ఉపసర్గలు, ప్రత్యయాలు చదువుకున్నవారికి ఇది కొత్తగా అనిపించదు. ఫోటో అంటే కాంతి అని తెలిసిన పిల్లవాడు ఫోటోసింథసిస్‌ను చూసి బెదరడు. ఆపైన అదే పేరాను ధారగా వచ్చేవరకు మళ్ళీ మళ్ళీ చదివిస్తాను, చదివినదాన్ని సొంత మాటల్లో చెప్పిస్తాను. పదమూడేళ్ళ పిల్లవాడి చేతిలో ఒకటో తరగతి బొమ్మల పుస్తకం మాత్రం పెట్టను. పదాలు తేలికగా ఉండవచ్చు, విషయం అతని వయసుకు తగినదై ఉండాలి.

ఈ దశలో ఇంకో చిక్కు చదువుకు సంబంధించినది కానే కాదు. నిన్నటిదాకా ఒకే గది, ఒకే టీచర్. ఇప్పుడు ఆరేడుగురు టీచర్లు, ఆరేడు రకాల నియమాలు, గంట కొట్టగానే పరుగు, లాకర్‌లో మరచిపోయిన నోటుపుస్తకం. హోంవర్క్ పూర్తి చేసి కూడా ఇవ్వడం మరచిపోయి సున్నా తెచ్చుకునే పిల్లలు ఎందరో. దానికి బద్ధకమని పేరు పెట్టేస్తారు. పనులను వరుసలో పెట్టుకోవడం, గడువు గుర్తుంచుకోవడం నేర్పవలసిన నైపుణ్యాలు, వాటిని ఐఈపీలో, అంటే ఆ పిల్లవాడి కోసం రాసే వ్యక్తిగత విద్యా ప్రణాళికలో, లక్ష్యాలుగా రాసి నేర్పవచ్చు.

ఇక డిస్లెక్సియా అంటే అక్షరాలు తిరగబడి కనిపించడమని, రంగు కళ్ళద్దాలు పెట్టుకుంటే పోతుందని అనుకుంటారు. రెండూ నిజం కావు. అక్షరాలకూ ధ్వనులకూ మధ్య బంధం సరిగా కుదరకపోవడమే ప్రధాన సమస్య, దానికి కావలసింది క్రమబద్ధమైన బోధన.

అపోహ: పరీక్షలో అదనపు సమయం ఇవ్వడం మిగతా పిల్లలకు అన్యాయం.

వాస్తవం: పరీక్ష దేన్ని కొలుస్తోందో చూడాలి. సైన్స్ పరీక్ష కొలిచేది సైన్స్‌ను కాబట్టి, ప్రశ్నలను కంప్యూటర్ చదివి వినిపించినా జవాబు పిల్లవాడిదే. పదాలను చదవగలడో లేదో చూసే పరీక్షలో వినిపిస్తే మాత్రం ఆ పరీక్షకే అర్థం ఉండదు. సదుపాయం ఇవ్వడం వేరు, పాఠాన్నే తగ్గించడం వేరు. ఈ తేడా తల్లిదండ్రులకు కచ్చితంగా తెలిసి ఉండాలి. ఐఈపీలో ఏది రాస్తున్నారని సమావేశంలో సూటిగా అడగండి. ఎందుకంటే ఏడో తరగతిలో పాఠాన్ని తగ్గిస్తూ పోతే హైస్కూలులో తీసుకోగలిగే కోర్సులు కూడా తగ్గిపోతాయి.

అపోహ: బడి కాగితం ఇస్తే సంతకం పెట్టాలి, పెడితే ఇక బయటికి రాలేం.

వాస్తవం: 1975లో అధ్యక్షుడు ఫోర్డ్ సంతకంతో వచ్చి, 1990లో ఐడియా అన్న పేరు తెచ్చుకున్న చట్టం తల్లిదండ్రులకు చాలా బలం ఇచ్చింది. మీ రాతపూర్వక అనుమతి లేకుండా మొదటి పరీక్షలు చేయకూడదు, సేవలు మొదలుపెట్టకూడదు. అనుమతి ఇచ్చాక 60 రోజుల్లో, లేదా మీ రాష్ట్రం పెట్టుకున్న గడువులో, పరీక్షలు పూర్తి కావాలి. ఐఈపీని ఏడాదికి ఒకసారైనా సమీక్షించాలి, సాధారణంగా మూడేళ్ళకోసారి అర్హతను మళ్ళీ చూడాలి. సేవలు వద్దనుకుంటే రాసిచ్చి ఎప్పుడైనా ఆపించవచ్చు. దీనికంతటికీ మీరు ఒక్క డాలరు కూడా కట్టనక్కర్లేదు.

కాగితం మీద ఏదో ఒకటి రాసి ఊరుకుంటే కూడా కుదరదు. ఎండ్రూ అనే విద్యార్థి తరఫున కొలరాడోలోని ఒక స్కూల్ డిస్ట్రిక్టు మీద నడిచిన కేసులో సుప్రీంకోర్టు 2017లో ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. పిల్లవాడి పరిస్థితులకు తగిన ప్రగతి సాధించేలా ఐఈపీ ఉండాలి, నామమాత్రపు ప్రయోజనం సరిపోదు. కాబట్టి "చదవడం మెరుగుపడుతుంది" అన్న లక్ష్యానికి ఒప్పుకోకండి. నిమిషానికి ఎన్ని పదాలు తప్పు లేకుండా చదువుతున్నాడు, ఏడాది చివరికి ఎన్నికి చేరాలి, ఎవరు ఎప్పుడు కొలుస్తారు అని అడగండి. నా పనిలో పెద్ద భాగం ఈ కొలతలే. కొలిచినప్పుడు ఎదుగుదల లేకపోతే మార్చవలసింది నా బోధననే.

అపోహ: పిల్లవాడికి ఈ సంగతి తెలియనివ్వకూడదు, కాలేజీలకు అసలే తెలియకూడదు.

వాస్తవం: అతనికి ఎప్పుడో తెలుసు. తోటివాడు పది నిమిషాల్లో చదివే పేజీ తనకు అరగంట పడుతోందని మూడో తరగతిలోనే గమనించి ఉంటాడు. కారణం ఎవరూ చెప్పకపోతే "నేను మొద్దుని" అని తనే ఒక కారణం వెతుక్కుంటాడు. ఈ వయసులో నా గదికి రావడానికి సిగ్గుపడతారు, వరండా ఖాళీ అయ్యేదాకా నీళ్ళ కుళాయి దగ్గర తచ్చాడుతారు. ఆ సిగ్గును నేను తేలిగ్గా తీసుకోను. అయితే దాచిపెట్టినకొద్దీ అది పెరుగుతుంది. తన మెదడు ఎక్కడ చురుకో, ఎక్కడ సహాయం కావాలో పేరు పెట్టి చెప్పగలిగిన పిల్లలు కొన్ని నెలల్లోనే మారడం చూశాను. అందుకే ఎనిమిదో తరగతి పిల్లలను వాళ్ళ ఐఈపీ సమావేశంలో కూర్చోబెట్టి, కొంత భాగం వాళ్ళ చేతే చెప్పిస్తాను.

కాలేజీ సంగతి. ప్రవేశానికి ముందు వైకల్యం గురించి కాలేజీలు అడగకూడదు, వాటికి వెళ్ళే ట్రాన్‌స్క్రిప్టులో, అంటే హైస్కూలు మార్కుల పట్టికలో, ఆ సమాచారం ఉండకూడదు. కానీ హైస్కూలు డిప్లొమాతో ఐఈపీ ముగిసిపోతుంది. ఆ తరువాత సదుపాయాలు కావాలంటే విద్యార్థే వెళ్ళి అడగాలి, ఆధారాలు చూపించాలి. మీరు ఫోను చేస్తే పని జరగదు. అందుకే ఇప్పటి నుంచే నా పిల్లల చేత టీచర్లకు ఈమెయిలు రాయిస్తాను. నాకు ఏ పరీక్ష ఉంది, ఐఈపీ ప్రకారం ఏ సదుపాయం ఉంది, ఎప్పుడు వచ్చి రాయమంటారు అని మూడే వాక్యాలు. మొదటిసారి నేను పక్కన కూర్చుంటాను. తరువాత వాళ్ళే రాసి, నాకు ఒక ప్రతి పంపుతారు.