అల్లుడుగారి వీ6, వాకిట్లో ఇన్నోవా

సంక్రాంతికి అమెరికా నుంచి దిగిన అల్లుడుగారు "మా బండి వీ6 మావయ్యగారూ" అన్నారంటే, వాకిట్లో ఉన్న ఇన్నోవా క్రిస్టా కాస్త చిన్నబోతుంది. వీ6 అంటే ఇంగ్లీషు 'వీ' ఆకారంలో రెండు వరసలుగా పేర్చిన ఆరు సిలిండర్లు, అంటే ఇంధనం మండే గదులు. క్రిస్టా డీజిల్ ఇంజన్‌కి అవి నాలుగే మరి. ఆరంటే ఒకటిన్నర రెట్లు బలం అని మన లెక్క. కానీ బలం వచ్చేది ఇంజన్ ఎంత గాలి పీల్చి, ఎంత ఇంధనం మండించిందన్న దాన్నిబట్టి. ఆ పని నాలుగు గదుల్లో జరిగిందా, ఆరింట్లోనా అన్నది తర్వాతి మాట.

అసలు మనకెంత బలం కావాలి? ఏడుగురు ఎక్కి రెండుంబావు టన్నులు తూగే బండి, కోనసీమలో కాలువగట్టు రోడ్డు మీద గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోవడానికి చక్రాల దగ్గర సుమారు 7 హార్స్‌పవర్ చాలు. రొయ్యల చెరువులో నురగలు కక్కే 2 హార్స్‌పవర్ ఏరేటర్లు నాలుగు కలిపితే అంతకంటే ఎక్కువే. హైవే ఎక్కి 80 మీద పోతే 17 దాకా కావాలి. మారేడుమిల్లి ఘాట్‌లో వందకు ఎనిమిది ఎత్తు ఉన్న చోట, 40 మీద ఎక్కినా 30 పైచిలుకే. క్రిస్టా ఇంజన్ సత్తా దాదాపు 150. మిగతాదంతా ఓవర్‌టేకింగ్‌కి, మన సరదాకీ.

మరి ఆరు సిలిండర్లకి అంత పేరెందుకు? నునుపు కోసం. ఇది మాత్రం ఒప్పుకోవాల్సిందే. మన కార్లలో ఉండే ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో క్రాంక్‌షాఫ్ట్ (ఇంజన్ బలాన్ని తిప్పుడుగా మార్చే ఇరుసు) రెండు చుట్లు తిరిగేలోగా ప్రతి సిలిండరూ ఒక్కసారి పేలుతుంది. నాలుగు సిలిండర్లయితే 180 డిగ్రీలకో తోపు, ఆరయితే 120కే. ఒక తోపు సద్దుమణగకముందే ఇంకోటి అందుకుంటుంది.

ఇంకో చిక్కుంది. సిలిండర్లో పైకీ కిందికీ ఆడే పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ పక్కకు వాలుతూ తిరుగుతుంది కాబట్టి పిస్టన్ విసురు పై కొస దగ్గర ఎక్కువ, కింది కొస దగ్గర తక్కువ. నాలుగు సిలిండర్లలో రెండు పిస్టన్లు పైకి పోతుంటే రెండు కిందికి వస్తాయి. పెద్ద ఊపు అక్కడికక్కడే చెల్లిపోతుంది. ఈ కొసల మధ్య తేడా మాత్రం చెల్లదు. క్రాంక్ చుట్టుకి రెండుసార్లు ఇంజన్‌ని కుదుపుతూనే ఉంటుంది. రైల్వే గేటు దగ్గర బండి 750 ఆర్‌పీఎంలో (నిమిషానికి 750 చుట్లు) ఆగి ఉన్నప్పుడు సీసాలో నీళ్లు చూడండి, పైన సన్నగా వణుకుతాయి. సెకనుకు 25 కుదుపులు. వరసగా పేర్చిన ఆరు సిలిండర్లలో ఈ తేడా కూడా పూర్తిగా చెల్లు. వీ6 ఆ మేరకు రాదు. పొట్టిగా ఉండి బానెట్ కింద ఇముడుతుందనే దాని వాడకం. దానికి సిలిండర్ హెడ్‌లు రెండు. అడ్డంగా బిగిస్తే వెనక వరస స్పార్క్ ప్లగ్గులు మార్చడానికి చాలా బండ్లలో పైనున్న గాలి గొట్టాల అమరిక విప్పాలి. మెకానిక్ కూలి ఎంతో మీరే ఊహించుకోండి.

నిజానికి ఆరు సిలిండర్లు డెల్టాకి కొత్తేమీ కాదు, బస్సులూ లారీలూ ఎప్పట్నుంచో వాటి మీదే నడుస్తున్నాయి. టాటా 697 ఇంజన్ పేరులోని 6 సిలిండర్ల లెక్కే. కార్లకి మాత్రం పన్ను అడ్డం, ఇంజన్ సైజు పెరిగితే అదీ పెరుగుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్లు దాటని బండికి, పెట్రోలయితే 1200 సీసీ, డీజిలయితే 1500 సీసీ లోపుంటే జీఎస్టీ 18 శాతం, దాటితే 40. స్విఫ్ట్ అయితే 2024లో నాలుగు నుంచి మూడుకే దిగింది. అమెరికాలోనూ టయోటా సియెన్నా 2021 మోడల్ నుంచి వీ6 వదిలేసి నాలుగు సిలిండర్ల హైబ్రిడ్‌కి మారింది. అల్లుడుగారి తర్వాతి బండి ఏదో చూడాలి.

షోరూమ్‌లో అడగాల్సింది టార్క్ (ఇంజన్ తిప్పే తోపు) ఎన్ని ఆర్‌పీఎం దగ్గర అందుతుందని. క్రిస్టాలో 1400కే పూర్తిగా అందుతుంది. టెస్ట్ డ్రైవ్‌కి ఒక్కరే వెళ్లకండి. ఇంటిల్లిపాదినీ ఎక్కించి, ఏసీ వేసి, చించినాడ వంతెన ఎక్కేటప్పుడు మూడో గేరులో 1500 దగ్గర తొక్కి చూడండి. గేరు దించకుండా లాగిందంటే, సిలిండర్లు మూడైనా నాలుగైనా బేరం మొదలెట్టొచ్చు.