ఎండల్లో ఆక్వాపోనిక్స్: ముందు నీళ్ల సంగతి

ఆక్వాపోనిక్స్ అంటే తొట్టిలో చేపలు పెంచి, ఆ నీళ్లను పంపుతో కంకర మడిలోని మొక్కలకు పారించి, మళ్లీ తొట్టిలోకే తిప్పడం. మే నెలలో నల్గొండలో ఎండ 44 డిగ్రీలు దాటిందంటే, నీడలేని ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు సాయంత్రానికి వేడెక్కిపోతాయి. బెండ మొక్క ఆ ఎండను ఓర్చుకుంటుంది గానీ, తొట్టిలో చేపకు ఊపిరాడదు. 25 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో 8 మిల్లీగ్రాములకు పైగా ఆక్సిజన్ ఇముడుతుంది. 35 డిగ్రీలకు అది 7కు దిగుతుంది. అదే వేడికి చేప అవసరం పెరుగుతుంది. చేప వదిలే అమ్మోనియాను నైట్రైట్‌గా, ఆపైన మొక్క తాగే నైట్రేట్‌గా మార్చేది కంకరకు పట్టిన బ్యాక్టీరియా. వాటికీ ఆక్సిజనే కావాలి.

అందుకే మన దగ్గర తొట్టి పెద్దది, మడి చిన్నది ఉండాలి. 500 లీటర్ల తొట్టికి ఒక చదరపు మీటరు మడి, అడుగు లోతు చాలు. ఆ మడిలో ఆకుకూరలకు, చేపలకు రోజుకు 40–50 గ్రాముల మేత వేస్తే సరిపోతుంది. చేప తన బరువులో 2 శాతం తింటుందనుకుంటే 2 నుంచి 2.5 కిలోల చేపలు, అంటే వంద గ్రాములవి పాతిక. అంతకు మించి వేయాలన్న ఆశ వద్దు. ఇంకో మాట: కంకర ఒక్కటే దాదాపు 450 కిలోలు తూగుతుంది. మిద్దె మీద పెట్టే ముందు ఇల్లు కట్టిన మేస్త్రీని అడగండి. నేల మీదైతే తొట్టిని సగం వరకు పూడ్చి, మిగతా సగానికి తడి గోనెపట్టలు చుట్టి, పైన 50 శాతం షేడ్ నెట్ కట్టండి.

మడి ఎత్తుకు గంటకు 800 లీటర్లు ఎత్తే పంపు తీసుకుని టైమర్ పెట్టాలి. పగలు గంటకు 15 నిమిషాలు చాలు. మండే కంకర మీదుగా నీళ్లు ఎక్కువసార్లు తిప్పితే తొట్టి ఇంకా వేడెక్కుతుంది. రాత్రి అరగంటకోసారి తిప్పండి. గాలి పంపు మాత్రం ఎప్పుడూ ఆగకూడదు, కరెంటు పోతే బ్యాటరీ మీద నడవాలి. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయంటే, ఆ పూట మేత ఆపేసి గాలి పెంచాలి.

కంకర ఏదో చూసి కొనండి. మన గుట్టల గ్రానైట్ 20 ఎం.ఎం. కంకర మంచిది. షాబాద్ బండ ముక్కలు సున్నపురాయి. అనుమానముంటే రాయి మీద నిమ్మరసం పిండి చెవి దగ్గర పెట్టుకోండి. సన్నగా బుసబుస వినిపిస్తే, బుడగలు లేస్తే అది పనికిరాదు, నీళ్ల పిహెచ్ (పులుపు, క్షారం చెప్పే కొలత; 7 దాటితే క్షారం) పెంచుతూనే ఉంటుంది. 30 డిగ్రీల నీళ్లలో పిహెచ్ 7 ఉంటే అమ్మోనియాలో విషరూపం ఒక శాతం లోపే. పిహెచ్ 8 అయితే 7 శాతం దాటుతుంది.

అసలు చిక్కు బోరు నీళ్లతో. రోజుకు 10 లీటర్లు ఆవిరైతే, యాభై రోజుల్లో ఇంకో 500 లీటర్లు పోసినట్టే. నీళ్లు పోతాయి, ఉప్పులు ఉండిపోతాయి. మర్రిగూడ, మునుగోడు వైపు బోర్లలో ఉండే ఫ్లోరైడ్ కూడా ఆవిరి కాదు. ఆసిడ్ పోసి పిహెచ్ దించినా, బైకార్బొనేట్ ఎక్కువున్న నీళ్లలో రెండ్రోజుల్లో మళ్లీ ఎక్కుతుంది. కాబట్టి వాన నీళ్లు పట్టి పెట్టుకోండి, లేదంటే మిషన్ భగీరథ నల్లా నీళ్లను ఒక రోజంతా గాలి పంపు పెట్టి, క్లోరిన్ పోయాక వాడండి. నెలకోసారి పావు వంతు నీళ్లు తీసి కొబ్బరి చెట్టుకు పోయండి.

లేత ఆకు పసుపెక్కి ఈనెలు పచ్చగానే ఉంటే ఇనుము అందట్లేదు. పొలంలో వాడే అన్నభేది ఈ నీళ్లలో తుప్పై అడుగుకు చేరుతుంది. ఇనుమును నీళ్లలో కరిగి ఉంచే ఇ.డి.డి.హెచ్.ఎ. చిలేటు, 6 శాతం ఇనుమున్నది, 500 లీటర్లకు 17 గ్రాములు, మూడు వారాలకోసారి కలపండి. నీళ్లు ఎర్రబడితే భయపడకండి.

మొదట ఐదారు చేపలే వేసి, నీళ్లు పరీక్షించే కిట్‌తో చూస్తూ, అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు దిగేదాకా మూడు నాలుగు వారాలు ఓపిక పట్టాలి. కొర్రమీను పైకొచ్చి గాలి పీలుస్తుంది కనుక వేడికి తట్టుకుంటుంది. అయితే గుళికల మేత అలవాటైన, ఒకే సైజు పిల్లలు తేవాలి, లేకపోతే పెద్దది చిన్నదాన్ని మింగుతుంది. ఎగిరి దూకకుండా తొట్టి మీద వల తప్పదు. పురుగుకు వేపనూనె కూడా కొట్టొద్దు, చేపకు చేటు. పేనుబంకను నీళ్ల ధారతో కడిగేయండి.

వేసవికి తోటకూర, పుంటికూర, బచ్చలి, గంగవాయిలు వేసుకోండి. కొత్తిమీర ఆ వేడికి ఆకు పెట్టకముందే పూతకొస్తుంది, దాన్ని దీపావళి తర్వాత చల్లండి.